రంగబతి నుంచి జముకు దాకా: సరిహద్దు పాటకు రికార్డు చేసిందేమిటి?

‘రంగబతి’ జానపద గీతం కాదు. రాసింది మిత్రభాను గౌంతియా, బాణీ కట్టింది ప్రభుదత్త ప్రధాన్, పాడింది జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్. 1970ల మధ్యలో సంబల్‌పూర్ ఆకాశవాణి కోసం పాడిన ఆ పాటను దశాబ్దం ముగిసేలోపు కోల్‌కతాకు చెందిన ఇన్‌రెకో సంస్థ రికార్డుగా తెచ్చింది. నలుగురి పేర్లూ ఇంత స్పష్టంగా తెలిసిన పాటే అయినా, ఆంధ్ర సరిహద్దు వైపున్న ఒడిశా ఊళ్లు బరంపురంలోనో పర్లాకిమిడిలోనో పెళ్లి ఊరేగింపులో దానికి చిందేసే తెలుగువారిని అడిగితే ‘అది ఒడియావాళ్ల జానపదం కదండీ’ అంటారు. ఒడియావారిలోనూ చాలామంది మాట అదే.

ఆ మాట పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం. రాసినవారి పేరు రాలిపోయి, పాడుకునేవారందరి సొత్తు అయిపోయిన పాటను జానపదం అనడం లోకం అలవాటు. తెలుగులో ఎంకి పాటలకు జరిగిందీ అదే. వాటిని రాసిన నండూరి సుబ్బారావు చదువుకున్న ప్లీడరు. పాటలు గొంతులో గొంతుగా తిరిగి, ఏ పొలం గట్టు మీదో పుట్టినవేమో అనిపించుకున్నాయి. ‘మొక్కజొన్న తోటలో’ కొనకళ్ల వెంకటరత్నం రచన అని చెబితే నేటికీ ఆశ్చర్యపోయేవారున్నారు. వింజమూరి అక్కచెల్లెళ్ల గొంతులో రేడియోలో విని, పల్లెపాట అనే అనుకున్నవారు మరెందరో. పూర్వం ఒక పాట నుంచి కర్త పేరు ఊడిపోవాలంటే తరాలు గడవాలి. రికార్డు వచ్చాక పదేళ్లు చాలాయి. పేరును అచ్చువేసి పాటకు అతికించగల సాధనం ఇదొక్కటే, పేరును పోగొట్టడంలో అన్నిటికన్నా చురుకైనదీ ఇదే.

సరిహద్దులో దీనికి ఇంకో మెలిక ఉంది. రంగబతి భాష సంబల్‌పురి, అంటే పడమటి ఒడిశా మాట. గంజాం తీరంలో మాట్లాడే ఒడియాకే అది దూరపు చుట్టం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా నడిచే బరంపురం దేవాంగుల వీధులకైతే రెండు మెట్లు అవతలి భాష. అయినా ఆ వీధుల్లోకి వచ్చి స్థిరపడింది. అందుకు కారణం మాటలు కాదు, బ్యాండు మేళం. క్లారినెట్ మీద వాయించే పాటకు భాష ఉండదు. పల్లవి దగ్గర అందరూ గొంతు కలుపుతారు. చరణాలు చాలామందికి రావు, రాకపోయినా నష్టం లేదు. ట్రంపెట్టు ఎత్తుగడ అందుకోగానే పెళ్లికొడుకు మేనమామ రుమాలు తిప్పుతూ ముందుకు వస్తాడు. ఆ రుమాలుకు రికార్డుతో సంబంధం లేదనిపిస్తుంది గానీ, ఉంది. బ్యాండువాళ్లు పాట నేర్చుకున్నది మనిషి దగ్గర కాదు, రికార్డు ప్లేటు నుంచి. అందుకే సంబల్‌పూర్‌లో పాడిన సంగతులే, అదే నడకలో, వందల మైళ్ల అవతల పర్లాకిమిడి రాజవీధిలో వినిపిస్తాయి.

రికార్డు రాకముందు ఇక్కడ పాటలు ప్రయాణం చేయలేదని కాదు. అరకులో థింసా, కొరాపుట్‌లో ఢెంసా. పేరు పలకడంలో తేడా తప్ప చేయీ చేయీ పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆ అడుగు ఒకటే. ఇటు మోరి అంటే అటు మొహురి అంటారు, ఊదేది ఒకే వాద్యం. గంజాం ప్రాంతపు ప్రహ్లాద నాటకం ఒడియా ప్రదర్శనే. దాని కర్తగా చెప్పుకునే రామకృష్ణ ఛోటరాయుడు ఏలిన జలంతర సంస్థానం మాత్రం ఈనాటి శ్రీకాకుళం జిల్లాలో సోంపేట వైపు ఉంది. ఆ నాటకంలో దక్షిణాది యక్షగాన పద్ధతి జాడలు చెవికి తెలుస్తాయి. సంతకు వెళ్లినవారు, కోడళ్లుగా వచ్చినవారు, కూలికి కొండ దిగినవారు, రాజు పిలిస్తే ఊరు దాటిన మేళగాళ్లు మోసిన పాటలివి. ఒక్కో ఊరు దాటినప్పుడల్లా పాటలో ఒక మాట రాలేది, ఒక మాట చేరేది. రికార్డు పెంచింది దూరాన్ని, ఆపింది మార్పును. పాట ఎంత దూరమైనా పోతుంది, దారిలో ఎవరి ఎంగిలీ తగలదు.

ఆ ఆగిపోవడం గ్రామఫోను నాటిది. గ్రామఫోను కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ పాటను మైనం పలక మీదకెక్కించినప్పటి నుంచి పాటకు ఒక కొలత వచ్చి పడింది. పది అంగుళాల ప్లేటు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే మరికాస్త. ఆ ప్లేటు తయారయ్యేది లక్కతో. ఆ లక్కను ఒక పురుగు మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల మీద పెడుతుంది. దాన్ని గీకి సంతలో అమ్ముకున్నది మధ్య, తూర్పు భారత అడవుల్లోని ఆదివాసులు. పాటల పెట్టెకు ముడిసరుకు అడవి నుంచి పోయింది, అడవి పాట మాత్రం చాలాకాలం పాటు ఆ పెట్టెలోకి ఎక్కలేదు. కంపెనీలకు కావలసింది కొనేవాడు, కొనేవాడు ఉన్నది పట్నంలో.

అమ్మకంతో పనిలేని రికార్డులు కొన్ని ప్రభుత్వమే చేయించింది. భాషా శాస్త్రవేత్త గ్రియర్సన్ నడిపిన భారత భాషా సర్వే తరఫున 1913 నుంచి 1929 వరకు వంద దాకా భాషల, మాండలికాల గొంతులను గ్రామఫోను ప్లేట్ల మీదకు ఎక్కించారు. అందరి చేతా బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ చెప్పించేవారు. దాంతోపాటు ఒక కథో పాటో. ఉద్దేశం భాషను నమూనాగా భద్రపరచడం, పాటను కాదు. అయినా వందేళ్ల తర్వాత షికాగో విశ్వవిద్యాలయం ఆ ధ్వనులను అంతర్జాలంలో ఉంచితే, జనం వెతుక్కునేది కథను కాదు, చివర్లో వచ్చే ఆ చిన్న పాటనే. రికార్డు చేసినవాడి ఉద్దేశం ఒకటి, రికార్డుకు మిగిలిన విలువ వేరొకటి అన్నమాట.

పర్లాకిమిడి ఊరికి సంబంధించిన పెద్ద సేకరణ మాత్రం ధ్వని లేకుండా జరిగింది. అక్కడి రాజావారి పాఠశాలలో పనిచేసిన గిడుగు రామమూర్తి సవర ఆదివాసుల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకుని, పాటలూ కథలూ రాసుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. ఈ మధ్యలోనే, 1936 ఏప్రిల్‌లో, పర్లాకిమిడి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసింది. ఆ కలపడం సహించలేక ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయనను తెలుగు లోకం ఏటా తలుచుకుంటుంది. సవరల పాట ముందు చెవి ఒగ్గి కూర్చున్న మనిషిగా తలుచుకోవడం తక్కువ. కాగితం మీద సవర మాట నిలిచింది. ఏ ముక్క ఎంత సాగదీసి పాడారో, ఎక్కడ ఊపిరి తీశారో అక్షరం చెప్పలేదు.

ఆ లోటును తీర్చే పని నాలుగు దశాబ్దాల తర్వాత మొదలైంది. 1975లో బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త పియర్స్ విటెబ్‌స్కీ ఇప్పటి గజపతి జిల్లా కొండల్లోని సవర పల్లెలకు వచ్చారు. సవరలకు చావుతో మాట ఆగదు. పూనకం వచ్చిన గురువమ్మ నోట చనిపోయినవారు మాట్లాడతారు, బతికున్నవారు ఏడుస్తూ, దెప్పుతూ, బేరమాడుతూ బదులిస్తారు. దానికి ముందు ఆమె పాడే ఆవాహనలో ఒక్కో భావం రెండేసి పాదాలుగా, మొదటి దానికి రెండోది నీడలా సాగుతుంది. విటెబ్‌స్కీ ఆ పాటలను, ఆ సంభాషణలను టేపుల మీద పట్టారు. తర్వాతి దశాబ్దాల్లో సవర యువతరంలో పెద్దభాగం బాప్టిస్టు సంఘాల్లో చేరింది. చనిపోయినవారితో మాట్లాడే తంతును వదిలేసింది. నిన్నటి దాకా ఊరంతా వాడుకున్న పాట, నేడు ఆ టేపుల్లో తప్ప దొరకని పరిస్థితికి వచ్చింది. దీన్ని ఏకపక్షంగా నష్టమనడం బయటివారికి సులువు. వదిలేసినవారు తెలిసే వదిలేశారు, వారి కారణాలు వారికి ఉన్నాయి. అయితే రికార్డు ఇక్కడ చేసిన పని రంగబతికి చేసినదానికి సరిగ్గా తలకిందులు. అక్కడ ఒక పాటను అందరి నోటా పెట్టింది, ఇక్కడ ఎవరి నోటా లేని పాటను ఉంచింది.

ఇలా ఉంచిన పాటను తిరిగి ఊరికి చేర్చిన ఉదాహరణలు దేశంలో లేకపోలేదు. డచ్చి పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణాదిన రికార్డు చేసిన పాటలను, సంగీత పరిశోధకులు నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ 1984లో తీసుకుపోయి ఆయా ఊళ్లలో వినిపించారు. అలాంటి పని ఈ సరిహద్దులో జరగవలసినంత జరగలేదు.

ఇక జముకు. ఉత్తరాంధ్రలో, దాన్ని ఆనుకున్న ఒడిశా పల్లెల్లో తెలుగు చెవికి అన్నిటికన్నా దగ్గరి వాద్యం ఇదే కావచ్చు. తెలంగాణలో బైండ్లవారి జమిడిక దీనికి తోబుట్టువు. గుండ్రటి పాత్రకు ఒకవైపు తోలు బిగిస్తారు. తోలు నడుమ కట్టిన నరం పాత్ర లోపలి నుంచి తెరిచి ఉన్న వైపుకు వస్తుంది. దాని కొసను గుప్పిట బిగించి లాగితే శ్రుతి పైకి పోతుంది, సడలిస్తే దిగుతుంది. పాత్రను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో లాగుతూ, రెండో చేత్తో మీటుతూ ఉంటే, వాద్యం కథకుడి వెనకాలే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. కథకుడు ప్రశ్న వేస్తే జముకు సాగదీస్తుంది, కథలో చావు వస్తే మూలుగుతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య జారడమే దాని భాష. ఎల్లమ్మ కథ మొదలుపెడితే తెల్లవారుతుంది.

దీన్ని మూడు నిమిషాలలో ఎలా ఇరికించాలి? ఇరికించడం కుదరదు. రికార్డుకు పనికొచ్చేది కథ మధ్యలో నిద్రమత్తు వదలడానికి పాడే సరదా పాట ఒకటి, ఊపున్న చరణం ఒకటి. అలా జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలో నుంచి పాటను తుంచి తీసినప్పుడు మిగిలేది హుషారు మాత్రమే. ఉత్తరాంధ్ర జానపదం అనగానే చిలిపి మరదలు, నక్లీసు, వడ్డాణం గుర్తుకు రావడానికి కారణం ఈ ప్రాంతం స్వభావం కాదు, కోత పడిన చోటు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమాలోని నక్కిలీసు గొలుసు పాట ఆ ధోరణికి పరాకాష్ఠ. పాట మీద ఫిర్యాదు ఏమీ లేదు, విన్నంతసేపూ కాలు ఆడుతూనే ఉంటుంది. కాని అది విన్న లక్షలాది మందిలో జముకు ఏడవగలదని ఎంతమందికి తెలుసు? పైగా నేటి స్టూడియోలో తాళం గడియారంలా నడవాలి, శ్రుతి కీబోర్డు మెట్లకు సరిపడాలి. జారే వాద్యానికి అక్కడ చోటు దొరకదు. జముకును మొదట్లో రెండు మీటులు వినిపించి, ఆపైన యంత్రపు దరువుకు వదిలేస్తారు.

జముకుల కథకు మరో వారసత్వం ఉంది, అది రికార్డు సాయం లేకుండానే నిలిచింది. ఒడియా ఇంటిపేరుతో తెలుగులో కథ చెప్పిన సుబ్బారావు పాణిగ్రాహి బొడ్డపాడులో అర్చకుడు. ఆయన ఇదే రూపాన్ని శ్రీకాకుళ గిరిజన పోరాటానికి గొంతుగా మలిచారు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయేనాటికి ఈ పల్లెలకు క్యాసెట్ అన్న వస్తువే తెలియదు. ఆయన కథను విన్నవారు మరొకరికి చెప్పడమే అప్పటి రికార్డు. ఆ తర్వాతి తరంలో పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లి నుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు పాటలు సభల నుంచి క్యాసెట్లకు, క్యాసెట్ల నుంచి సినిమాలకు పోయాయి. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ పాటను రాయగడలో తెలుగు పిల్లలు పాడినా ఎవరిదో తెలియకుండానే పాడతారు. ఉద్యమం పాటను పంచిపెట్టడానికే రాసింది కనుక, ఇక్కడ పేరు రాలిపోవడాన్ని అన్యాయమనడానికి కొంత జంకు కలుగుతుంది.

రేడియో సంగతికి వద్దాం. కటక్, విజయవాడ కేంద్రాలు రెండూ 1948లో మొదలయ్యాయి. విశాఖపట్నం 1963లో, కొరాపుట్ జిల్లాలోని జయపురం 1964లో వచ్చాయి. పల్లెల్లో పాడేవారికి స్వరపరీక్ష పెట్టి, శ్రేణి ఇచ్చి, చేతికి చెక్కు ఇచ్చిన తొలి సంస్థ ఆకాశవాణే. గ్రామఫోను కంపెనీ గుమ్మం ఎక్కలేని గొంతులు ఈ గుమ్మం ఎక్కాయి. రంగబతి పుట్టింది కూడా ఇక్కడే కదా. చిక్కల్లా భాషతో వచ్చింది. కార్యక్రమం అంటే ఒక భాషలో ఉండాలి. టేపు డబ్బా మీద ‘తెలుగు’ అనో ‘ఒడియా’ అనో రాయాలి. తెలుగు పల్లవికి ఒడియా ఊతపదం తగిలించుకుని, మధ్యలో సవర మాట ఒకటి విసిరే గుణుపురం పాటను ఏ డబ్బాలో వేయాలి? బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి జాతరలో అమ్మవారు పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టింటి పెద్ద తెలుగు నేత కుటుంబాల ‘దేశి బెహరా’. వేషాలు వేసేది, డప్పుల వెంట నడిచేది రెండు భాషలవారూ. ఆ రాత్రి వీధిలో వినిపించేదంతా ఒక్క డబ్బాలో పట్టదు. డబ్బాకు తగినట్టు పాటను శుభ్రం చేయడం మొదలైంది. స్వచ్ఛమైన తెలుగు జానపదం ఒకటి, స్వచ్ఛమైన ఒడియా జానపదం ఒకటి తయారయ్యాయి. రెంటికీ నడుమ ఉన్నది నేల మీదనే ఉండిపోయింది.

దాన్ని మళ్లీ పైకి తీసింది పెద్ద సంస్థలు కాదు, చవక క్యాసెట్. 1980లలో టేపు రికార్డరు పల్లెకు చేరాక చిన్న ఊళ్లలో కూడా క్యాసెట్లు తయారు చేసి అమ్మడం వీలైంది. దేశమంతటా ఆ మార్పు సంగీతాన్ని ఎలా తిప్పేసిందో సంగీత పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లోనే వివరంగా రాశారు. ఆ తర్వాత వచ్చిన మెమరీ కార్డుల దశ ఇంకా తమాషాది. బస్టాండు పక్కన ఫోన్ల దుకాణంలో కార్డు ఇస్తే, కంప్యూటర్ నుంచి పాటలు నింపి ఇచ్చేవారు. ఆ కంప్యూటర్‌లో ఫోల్డర్లు కూడా భాషల వారీగానే ఉండేవి, కాని వాటి పక్కన ‘పెళ్లి’, ‘డీజే’, ‘జాతర’ అన్న ఫోల్డర్లు వేరుగా ఉండేవి. అక్కడ సంబల్‌పురి పాట పక్కన జముకు పాట, దాని కింద తెలంగాణ బతుకమ్మ. ఆకాశవాణి గ్రంథాలయం చేయలేని వర్గీకరణను ఆ దుకాణం కుర్రవాడు చేశాడు: ఏ భాష అని కాదు, ఏ పనికి అని. పాట గురించి పల్లె ఆలోచించే తీరు అదే. నాట్లకు ఒకటి, పెళ్లికి ఒకటి, దేవతకు ఒకటి. అయితే ఆ ఫోల్డర్లలో పాడినవారి పేర్లు కూడా పోయాయి. ‘ట్రాక్ 07’ అన్నదే మిగిలింది.

పేరు పోతే పోయేది గౌరవం ఒక్కటే కాదు, డబ్బు కూడా. 2015లో ఒక టీవీ సంగీత కార్యక్రమం కోసం సోనా మహాపాత్ర, రితురాజ్ మొహంతి రంగబతిని కొత్తగా పాడినప్పుడు, గౌంతియా, ప్రధాన్ తమ అనుమతి లేదంటూ లాయరు నోటీసు పంపారు. జానపదమే కదా అనుకున్న పాటకు యజమానులున్నారని చాలామందికి అప్పుడే తెలిసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 2012కు ముందు, పాట రికార్డయిన రెండేళ్ల తర్వాత నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టి ఎవరైనా మళ్లీ పాడించుకోవచ్చు అనేది. క్యాసెట్ కంపెనీల కవర్ వెర్షన్ల వ్యాపారం ఆ సందులోనే పెరిగింది. 2012 సవరణ ఆ గడువును అయిదేళ్లు చేసి, రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా ఉండి తీరాలన్నది. ఇది రంగబతి లాంటి పాటకు అక్కరకొస్తుంది. కర్త ఎవరో తెలియని జముకు పాటకు ఈ రక్షణ లేదు. దానికి పనికొచ్చేది 1994లో చట్టంలో చేరిన ప్రదర్శకుల హక్కు. పాట ఎవరిదైనా, పాడిన గొంతు మీద పాడినవారికి హక్కు ఉంటుంది, ఇప్పుడు అది యాభై ఏళ్ల పాటు. పల్లెలో ఫోను పట్టుకుని పాట తీసుకుపోయే వారిలో దీన్ని ఎరిగినవారు తక్కువ, పాడేవారిలో ఇంకా తక్కువ.

రంగబతి నలుగురిలో ముగ్గురికి పద్మశ్రీ వచ్చింది: 2017లో హరిపాల్‌కు, 2020లో గౌంతియాకు, 2023లో కృష్ణా పటేల్‌కు. పాట వచ్చి అప్పటికి నలభై ఏళ్లు దాటింది. ఆ గుర్తింపుకు ఆధారం లేబుల్ మీద ఉన్న నాలుగు పేర్లే.

ఇప్పుడు యూట్యూబులో జముకుల కథ అని వెతికితే కావలసినన్ని వీడియోలు. అరుగు మీద ముగ్గురు నిలబడి ఉంటారు, వెనక గోడకు ఎన్నికల రాత, మధ్యలో ఎవరిదో కోడిపుంజు అడ్డంగా నడుస్తుంది. అప్పుడప్పుడు గంట నిడివి వీడియోలూ ఉన్నాయి. మూడు నిమిషాల సంకెల తెగినట్టే. శీర్షికలో ఛానల్ పేరు, సంప్రదించవలసిన నంబరు, ‘ఉత్తరాంధ్ర జానపదం’ అన్న మాట. పాడినాయన పేరు వీడియోలో ఎక్కడా ఉండదు. కిందికి జరుపుకుంటూ పోతే, ఆ ఊరివారు ఎవరో రాసిన వ్యాఖ్యలో అప్పుడప్పుడు దొరుకుతుంది, ఊరి పేరుతో సహా.